తెగిన కొమ్మలో ఆగని తయారీ: నాడీకణం తన ప్రొటీన్లను ఎక్కడికక్కడే చేసుకునే తీరు

1996లో కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో హ్యేజిన్ కాంగ్, ఎరిన్ షూమన్ ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ భాగాన్ని పలుచని ముక్కలుగా కోసి పోషక ద్రవంలో సజీవంగా ఉంచారు. కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి హిప్పోకాంపస్ తప్పనిసరి. అందులోని నాడీకణాలు బారులు తీరి ఉంటాయి. కణదేహాలన్నీ, అంటే కేంద్రకం ఉండే ప్రధాన భాగాలన్నీ, ఒక పట్టీలో ఉంటే, వాటి నుంచి సాగిన డెండ్రైట్లు, అంటే సంకేతాలను అందుకునే కొమ్మలు, పక్క పట్టీలో ఉంటాయి. ఈ అమరికను ఆసరాగా చేసుకుని వాళ్ళు రెండు పట్టీల మధ్య సన్నని గాటు పెట్టి, కొమ్మలను కణదేహాల నుంచి వేరు చేశారు. ఆ తర్వాత బీడీఎన్‌ఎఫ్ అనే పెరుగుదల కారకాన్ని అందించారు. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంధులను సైనాప్స్‌లు అంటారు. బీడీఎన్‌ఎఫ్ తగిలితే అవి బలపడతాయి, అందుకు కొత్త ప్రొటీన్లు అవసరమవుతాయి. కణదేహంతో సంబంధం తెగిపోయిన కొమ్మల్లో కూడా సైనాప్స్‌లు బలపడ్డాయి. ప్రొటీన్ల తయారీని అడ్డుకునే మందు కలిపినప్పుడు బలపడలేదు.

కొమ్మ తెగింది, కణకేంద్రకంతో సంబంధం పోయింది, అయినా కొత్త ప్రొటీన్ తయారైంది. కావలసిన సరంజామా అంతా ముందే ఆ కొమ్మలో ఉందన్నమాట. ప్రొటీన్లన్నీ కణదేహంలోనే తయారై కొమ్మలకు చేరతాయని నాడీశాస్త్రంలో పాతుకుపోయిన నమ్మకాన్ని ఆ చిన్న గాటు కదిలించింది. అదెంత లోతైన నమ్మకమో తెలియాలంటే బడిలో చదువుకున్న పాఠాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

కణకేంద్రకంలోని డీఎన్‌ఏలో ప్రొటీన్ల వివరాలన్నీ ఉంటాయి. ఏ ప్రొటీన్ కావాలో దానికి సంబంధించిన భాగానికి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారై కేంద్రకం బయటకు వస్తుంది. రైబోజోమ్ ఆ నకలును చదువుతూ, అమైనో ఆమ్లాలను వరసగా జోడిస్తూ ప్రొటీన్‌ను కడుతుంది. కరోనా టీకాల తర్వాత ఎంఆర్‌ఎన్‌ఏ అనే పేరు అందరికీ పరిచయమే. కాలేయంలో ఉండే కణం వెడల్పు 20, 30 మైక్రాన్లకు మించదు. మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు కన్నా తక్కువ. అంత ఇరుకు చోట తయారైన ప్రొటీన్ ఏ మూలకైనా చేరడానికి ఎంతోసేపు పట్టదు. నాడీకణం సంగతి వేరు. మన నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా సాగే, సంకేతాన్ని బయటకు పంపే తీగ అయిన ఆక్సాన్ పొడవు సుమారు ఒక మీటరు. దానికి ఆధారమైన కణదేహం వెడల్పు మాత్రం మిల్లీమీటరులో పదో వంతుకు మించదు.

సరుకును దూరానికి మోసే ఏర్పాటు నాడీకణంలో లేకపోలేదు. మైక్రోట్యూబుల్స్ అనే సన్నని గొట్టాల వెంట కైనెసిన్ అనే మోటారు ప్రొటీన్లు మూటలను లాక్కుపోతుంటాయి. పొరలు చుట్టిన మూటలైతే రోజుకు 50 నుంచి 400 మిల్లీమీటర్ల దాకా ప్రయాణిస్తాయి. కణద్రవంలో కరిగి ఉండేవి, కణానికి ఆకృతినిచ్చేవి అయిన ప్రొటీన్లు మాత్రం చాలా మెల్లగా, రోజుకు ఒక మిల్లీమీటరు నుంచి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కదులుతాయి. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున లెక్కేస్తే మీటరు దూరం చేరడానికి వెయ్యి రోజులు, మూడేళ్ళకు కాస్త తక్కువ. మెదడులోని ప్రొటీన్లలో చాలావాటి ఆయుష్షు మాత్రం కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. దారిలోనే పాడైపోయే సరుకును పంపించి లాభమేమిటన్న ప్రశ్న అందుకే వచ్చింది.

అయితే దూరం ఒక్కటే కారణమని సరిపెట్టుకుంటే అసలు విషయం చేజారుతుంది. కాంగ్, షూమన్ వేరు చేసిన డెండ్రైట్లు మీటరు పొడవువి కావు. వాటి పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. అంత దూరానికి కణదేహం నుంచి ప్రొటీన్ రావాలంటే గంటలు చాలు. అయినా అక్కడ సొంత తయారీ ఉంది. ఎందుకు? నా దృష్టిలో ఈ విషయానికంతటికీ కీలకం ఇక్కడే ఉంది. నాడీకణానికి దూరం కన్నా చిరునామా పెద్ద సమస్య.

ఒక్కో నాడీకణం మీద వేల సైనాప్స్‌లు ఉంటాయి. మనం ఏదైనా నేర్చుకున్నప్పుడు వాటిలో కొన్ని బలపడాలి, కొన్ని బలహీనపడాలి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. అన్నీ ఒకేసారి బలపడితే ఏ జ్ఞాపకమూ విడిగా నిలవదు. కణకేంద్రకం మాత్రం ఒక్కటే. అక్కడి నుంచి బయలుదేరిన ప్రొటీన్‌కు తాను ఏ కొమ్మలో, ఏ సంధి దగ్గర ఆగాలో ఎవరు చెబుతారు? పెళ్ళి భోజనాన్ని ఇంట్లో వండించి దూరపు కల్యాణమండపానికి వ్యాన్లలో పంపించవచ్చు. లేదా వంటవాళ్ళనూ సరుకులనూ ముందే మండపానికి చేర్చి, పంక్తి కూర్చునే వేళకు అక్కడే వండి వడ్డించవచ్చు. నాడీకణం ఈ రెండో పద్ధతిని విరివిగా వాడుకుంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏలు, రైబోజోమ్‌లు ముందుగానే కొమ్మల్లోకి చేరి ఉంటాయి. సంకేతం అందిన చోట తయారీ ఊపందుకుంటుంది. పైగా ఒక్క ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి అదే ప్రొటీన్‌ను మళ్ళీమళ్ళీ తయారుచేసుకోవచ్చు కాబట్టి ప్రొటీన్లను ఒక్కొక్కటిగా మోసే శ్రమ తప్పుతుంది. కణదేహంలో తయారీ ఆగిపోతుందని కాదు, అక్కడా పెద్ద ఎత్తున సాగుతూనే ఉంటుంది.

చిరునామా మాటకు చక్కని రుజువు 1997లో ఒక సముద్రపు నత్త నుంచి వచ్చింది. ఎరిక్ కాండెల్ ప్రయోగశాలలో కెల్సీ మార్టిన్, ఆమె సహచరులు అప్లీజియా అనే నత్త నుంచి తీసిన ఒక స్పర్శ నాడీకణాన్ని గాజు పాత్రలో పెంచారు. దాని ఆక్సాన్ రెండు కొమ్మలుగా చీలి రెండు వేర్వేరు మోటారు నాడీకణాలను తాకింది. కణం ఒకటే, కేంద్రకం ఒకటే, సంధులు మాత్రం రెండు చోట్ల. ఒక చోట మాత్రమే సెరోటోనిన్ అనే రసాయనాన్ని ఐదు సార్లు చిమ్మారు. ఆ సంధి బలపడి ఒక రోజు దాటినా అలాగే నిలిచింది. రెండోది చెక్కుచెదరలేదు. సెరోటోనిన్ చిమ్మిన చోట ప్రొటీన్ తయారీని అడ్డుకుంటే మొదటిది కూడా బలపడలేదు. ఆ ప్రయోగంలోనే మరో విషయం కూడా తేలింది. ఆ మార్పు నిలవాలంటే కేంద్రకంలోని జన్యువులు కూడా పనిచేయాలి. స్థానిక తయారీ గురించి రాసేటప్పుడు చాలామంది ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. కొమ్మ తనంతట తాను స్వతంత్ర రాజ్యమేమీ కాదు. కేంద్రకం కొత్త సరంజామా పంపుతుంది, దాన్ని ఎక్కడ ఎప్పుడు వాడాలో కొమ్మ నిర్ణయిస్తుంది.

కళ్ళముందున్నా నమ్మకం కుదరని రోజులు

కాంగ్, షూమన్ కన్నా చాలా ముందే ఆధారాలు కనిపించాయి. వెన్నుపాములోని మోటారు నాడీకణాల్లో సైనాప్స్‌లకు దగ్గరగా రైబోజోమ్‌లు ఉన్నాయని డేవిడ్ బోడియన్ 1965లోనే రాశారు. 1982లో ఆస్వాల్డ్ స్టూవర్డ్, విలియం లెవీ హిప్పోకాంపస్‌లోని కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. డెండ్రైట్ పొడవునా సన్నని బుడిపెలు ఉంటాయి. వాటిని స్పైన్లు అంటారు, ఎక్కువ సైనాప్స్‌లు వాటి మీదే ఏర్పడతాయి. రైబోజోమ్‌ల గుత్తులు డెండ్రైట్ అంతటా చెల్లాచెదురుగా కాకుండా సరిగ్గా ఆ స్పైన్ల మొదట్లో కనిపించాయి. ఒక ఎంఆర్‌ఎన్‌ఏ మీద చాలా రైబోజోమ్‌లు ఒకేసారి పనిచేస్తుంటే అలా గుత్తిగా కనిపిస్తాయి. ఒక్కో రైబోజోమ్ వెడల్పు 25 నానోమీటర్లు, వెంట్రుక మందంలో మూడు, నాలుగు వేల వంతుల్లో ఒకటి. ఒక్కో ఫోటోలో ఆ నల్లని చుక్కలను వెతికి, అవి స్పైన్‌కు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంటూ వెళ్ళడానికి ఎంతో ఓపిక కావాలి. ఆ ఓపికను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

శాస్త్రవేత్తలు వెంటనే ఎందుకు నమ్మలేదు? మొండితనమే కాదు, సరైన కారణాలు కూడా ఉన్నాయి. సైనాప్స్‌ల దగ్గరి ప్రొటీన్ తయారీని కొలవడానికి అప్పట్లో మెదడు కణజాలాన్ని మెదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, సైనాప్స్‌లు ఎక్కువగా ఉన్న పొరను వేరు చేసేవారు. అందులో నాడీకణాలకు తోడుగా ఉండే గ్లియా కణాల ముక్కలు, కణదేహాల తునకలు కలిసే ఉండేవి. కొత్త ప్రొటీన్ కనిపిస్తే అది దేని నుంచి వచ్చిందో తేల్చడం కష్టం. రైబోజోమ్ కనిపించినంత మాత్రాన అది పనిచేస్తోందని కూడా చెప్పలేం. 1988లో ఒక అడుగు ముందుకు పడింది. ఎంఏపీ2 అనే ప్రొటీన్‌కు చెందిన ఎంఆర్‌ఎన్‌ఏ డెండ్రైట్లలోకి వెళ్తుందని, మైక్రోట్యూబుల్స్‌ను కట్టే ట్యుబ్యులిన్ ప్రొటీన్ ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం కణదేహంలోనే ఉండిపోతుందని తెలిసింది. ఏవి పోవాలి, ఏవి ఆగాలి అన్న ఎంపిక ఉందని దానితో స్పష్టమైంది. 2012 నాటికి షూమన్ బృందం, అప్పటికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థకు మారింది, ఎలుక హిప్పోకాంపస్‌లో డెండ్రైట్లు, ఆక్సాన్లు మాత్రమే ఉండే పొరను జాగ్రత్తగా విడదీసి 2,550 రకాల ఎంఆర్‌ఎన్‌ఏలను గుర్తించింది. ఏవో కొన్ని అరుదైనవి దారి తప్పి వచ్చాయని ఇక అనడానికి లేదు.

నకలు చివర రాసి ఉన్న చిరునామా

ఎంఆర్‌ఎన్‌ఏకు తన గమ్యం ఎలా తెలుస్తుంది? ప్రతి ఎంఆర్‌ఎన్‌ఏలోనూ ప్రొటీన్‌గా మారే భాగం తర్వాత, ప్రొటీన్‌గా మారని ఒక తోక ఉంటుంది. ఒకప్పుడు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1994లో రాబర్ట్ సింగర్ బృందం కోడి కణాల్లో, కణానికి ఆకృతినిచ్చే బీటా ఆక్టిన్ అనే ప్రొటీన్ ఎంఆర్‌ఎన్‌ఏను పరిశీలించి, దాని తోకలో 54 అక్షరాల ముక్క ఒకటి చిరునామాగా పనిచేస్తుందని చూపింది. ఆ ముక్కను పట్టుకునే జెడ్‌బీపీ1 అనే ప్రొటీన్ రెండు పనులు చేస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏను గమ్యానికి చేర్చడం ఒకటి, దారిలో రైబోజోమ్‌లు దాన్ని చదవకుండా నోరు నొక్కి ఉంచడం రెండోది. గమ్యం చేరాక సార్క్ అనే ఎంజైమ్ జెడ్‌బీపీ1 మీద ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది, దానితో పట్టు సడలుతుంది, తయారీ మొదలవుతుంది. దారిలో మౌనం, చేరాక మాట. ఈ రెండూ ఒకే ప్రొటీన్ చేతిలో ఉండడం ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. నిశ్శబ్దంగా ఉంచడం చేతకాకపోతే చేరవేయడం వల్ల ప్రయోజనమే లేదు. దారి పొడవునా ఆక్టిన్ తయారవుతూ పోతుంది.

మెదడులోని ఎంఆర్‌ఎన్‌ఏల తోకలు మిగతా అవయవాల్లో కన్నా పొడవుగా ఉండడం గమనించదగ్గది. చిరునామాలు, నియంత్రణ గుర్తులు రాసుకోవడానికి అక్కడ ఎక్కువ చోటు దొరుకుతుంది.

తోక నిజంగా అంత ముఖ్యమా? 2002లో స్టీఫన్ మిల్లర్, మార్క్ మేఫర్డ్ తదితరులు ఈ ప్రశ్నను చిట్టెలుకను అడిగారు. సైనాప్స్ బలపడడంలో కీలకమైన కామ్‌కైనేజ్ 2 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను ఏమీ మార్చకుండా, దాని ఎంఆర్‌ఎన్‌ఏ తోకను మాత్రం మార్చేశారు. ప్రొటీన్ అదే, జన్యువు సూచన అదే, చిరునామా మాత్రం లేదు. ఆ ఎంఆర్‌ఎన్‌ఏ డెండ్రైట్లలోకి వెళ్ళడం మానేసింది. సైనాప్స్‌ల దగ్గర ఆ ప్రొటీన్ బాగా తగ్గిపోయింది. ఆ చిట్టెలుకలు దీర్ఘకాలపు జ్ఞాపకాల పరీక్షల్లో వెనకబడ్డాయి. అవసరమైన ప్రొటీన్ కణంలో ఉన్నా, సరైన చోట తయారుకాకపోతే జ్ఞాపకం నిలవదని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఆర్క్ అనే మరో జన్యువు కథ ఇంకా చిత్రమైనది. నాడీకణం ఉత్తేజితమైన కొద్ది నిమిషాలకే కేంద్రకంలో ఆర్క్ ఎంఆర్‌ఎన్‌ఏ తయారై డెండ్రైట్లలోకి పరుగెడుతుంది. 1998లో స్టూవర్డ్, పాల్ వర్లీ బృందాలు ఎలుక హిప్పోకాంపస్‌కు వచ్చే ఒక నాడీమార్గాన్ని మాత్రమే ఉత్తేజపరిచాయి. ఆ మార్గం డెండ్రైట్ పొడవులో ఒకానొక మధ్య భాగంలో మాత్రమే సైనాప్స్‌లు ఏర్పరుస్తుంది. తర్వాత కణజాలాన్ని కోసి చూస్తే, ఆర్క్ ఎంఆర్‌ఎన్‌ఏ సరిగ్గా ఆ భాగంలోనే అడ్డంగా గీసిన గీతలా పేరుకుని ఉంది. పైనా కిందా ఉన్న నిశ్శబ్ద సైనాప్స్‌ల దగ్గర అది అలా పేరుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాత, 2018లో, ఆర్క్ ప్రొటీన్లు వైరస్ కవచాల్లాంటి గుళికలుగా కూడి, ఎంఆర్‌ఎన్‌ఏను మోస్తూ ఒక కణం నుంచి మరో కణానికి వెళ్ళగలవని కూడా తెలిసింది. ఆ జన్యువు పూర్వకాలంలో వైరస్ లాంటి మూలకాల నుంచి మన జన్యుపటంలోకి వచ్చి చేరింది. అది వేరే వ్యాసానికి తగిన సంగతి.

చేతికి చిక్కిన కొత్త ప్రొటీన్

తయారవుతున్న ప్రొటీన్‌ను అది తయారవుతున్న చోటే పట్టుకోవడానికి వాడే ఉపాయాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ప్యూరోమైసిన్ అనేది ఒక రకం బ్యాక్టీరియా నుంచి దొరికే మందు. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ కొస ఎలా ఉంటుందో ఈ అణువు అచ్చం అలాగే ఉంటుంది. రైబోజోమ్ మోసపోయి దాన్ని కొత్త ప్రొటీన్ గొలుసు చివర తగిలిస్తుంది. అంతటితో గొలుసు ఆగిపోయి ఊడి వస్తుంది. ఎక్కువ మోతాదులో ఇస్తే ప్రొటీన్ల తయారీ మొత్తం స్తంభిస్తుంది. 1963లో లూయిస్ ఫ్లెక్స్‌నర్ బృందం దీన్ని చిట్టెలుకల మెదడులోకి ఎక్కించి, అప్పుడప్పుడే నేర్చుకున్న పాఠాన్ని అవి మరిచిపోయేలా చేసింది. జ్ఞాపకానికి ప్రొటీన్ తయారీ అవసరమన్న ఆలోచనకు ఊపిరి పోసిన ప్రయోగాల్లో అదొకటి.

అదే మందును ఇప్పుడు చాలా తక్కువ మోతాదులో గుర్తుగా వాడుతున్నారు. కొద్ది నిమిషాల పాటు ఇచ్చి, కణాన్ని స్థిరపరచి, ప్యూరోమైసిన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ వేస్తే, ఆ కొద్ది నిమిషాల్లో తయారైన ప్రొటీన్లన్నీ సూక్ష్మదర్శిని కింద మెరుస్తాయి. 2015లో దీనికి మరో మెలిక తోడైంది. ప్యూరోమైసిన్‌ను పట్టుకునే యాంటీబాడీ ఒకటి, మనకు కావలసిన ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ ఇంకొకటి. ఈ రెండూ పక్కపక్కనే ఉంటేనే వెలుగు వస్తుంది. దానితో అప్పుడే తయారైన ఒకానొక ప్రొటీన్‌ను విడిగా చూడడం సాధ్యమైంది. ఈ పద్ధతిలో ఒక లోపం ఉందని 2020లో వెలువడిన పరిశోధనలు హెచ్చరించాయి. గుర్తు తగిలిన గొలుసు రైబోజోమ్ నుంచి ఊడాక పక్కకు జారిపోగలదు, కనిపించిన చోటే తయారైందని కచ్చితంగా చెప్పలేం. అందుకే ఇచ్చే వ్యవధిని బాగా కుదించడం, వేరే పద్ధతులతో సరిచూసుకోవడం అవసరమైంది. 

ఆక్సాన్ల మాట

డెండ్రైట్ల విషయంలో వాదన చల్లారాక కూడా ఆక్సాన్ల విషయంలో ససేమిరా అన్నవారు చాలామంది. సంకేతాన్ని బయటకు పంపే ఈ పొడవాటి తీగల్లో రైబోజోమ్‌లు లేవని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఎదిగిన ఆక్సాన్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే అవి దాదాపు కనిపించేవి కావు.

ముందుగా ఒప్పించింది ఎదుగుతున్న ఆక్సాన్లు. పిండదశలో కంటి నుంచి బయలుదేరిన ఆక్సాన్ మెదడులో తన చోటు వెతుక్కుంటూ పోతుంది. దాని కొసన వేళ్ళలా చాచుకుని తడుముకునే భాగాన్ని గ్రోత్ కోన్ అంటారు. 2001లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ క్యాంప్‌బెల్, క్రిస్టీన్ హోల్ట్ జెనోపస్ కప్ప కంటి ఆక్సాన్లను కణదేహం నుంచి తెంచి, నెట్రిన్ అనే దారి చూపే ప్రొటీన్‌ను ఒక పక్క నుంచి అందించారు. తెగిన ఆక్సాన్ కొస అటువైపు తిరిగింది. ప్రొటీన్ తయారీని ఆపితే తిరగలేదు. నెట్రిన్ తగిలిన కొద్ది నిమిషాల్లోనే తయారీ పుంజుకుంది. 2006లో మరింత సూక్ష్మమైన విషయం తెలిసింది. నెట్రిన్ ఉన్న వైపు గ్రోత్ కోన్ సగంలోనే కొత్త బీటా ఆక్టిన్ ఎక్కువగా తయారవుతోంది. కొన్ని మైక్రాన్ల వెడల్పున్న ఆ కొసలో కూడా కుడి వేరు, ఎడమ వేరు. ఏ వైపు ఆక్టిన్ పేరుకుంటే ఆ వైపుకు కొస వంగుతుంది. ప్రొటీన్ ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడ సమాచారం. ఆక్సాన్ ఎటు తిరగాలో అది చెబుతుంది. కణదేహంలో చేసి పంపిన ఆక్టిన్ ఆ కబురు తేలేదు.

ఎదిగిన ఆక్సాన్ల విషయం 2016లో తేలింది. హోల్ట్ బృందం చిట్టెలుక కంటి ఆక్సాన్లలోని రైబోజోమ్‌లకు మాత్రమే గుర్తు తగిలించి, అవి సజీవ మెదడులో ఏ ఎంఆర్‌ఎన్‌ఏలను చదువుతున్నాయో పట్టుకుంది. పెద్ద వయసు చిట్టెలుకల్లోనూ తయారీ సాగుతోంది. మరైతే సూక్ష్మదర్శినికి రైబోజోమ్‌లు ఎందుకు చిక్కలేదు? 2020లో షూమన్ బృందం ఇచ్చిన వివరణ ఎంతో ఆసక్తికరం. గుత్తులుగా ఉన్న రైబోజోమ్‌లే పనిచేస్తున్నట్టు లెక్క, ఒంటరిగా ఉన్నవి ఖాళీగా ఉన్నట్టే అని శాస్త్రవేత్తలు అనుకుంటూ వచ్చారు. నాడీకణాల కొమ్మల్లో ఒంటరి రైబోజోమ్‌లు కూడా ప్రొటీన్లను కడుతున్నాయని, సైనాప్స్‌కు చెందిన ప్రొటీన్లలో ఎన్నో అలాగే తయారవుతున్నాయని ఆ పరిశోధన చూపింది. ఇరుకైన చోట గుత్తికి చోటు ఉండదు. ఒక్క రైబోజోమ్ చాలు. గుత్తుల కోసమే వెతికినన్నాళ్ళూ అవి కంటికి ఆనలేదు.

దానికి ముందు ఏడాది అదే బృందం సైనాప్స్‌లను ఉబ్బించి చూసింది. కణజాలంలో నీరు పీల్చుకునే జెల్‌ను నింపి, అన్ని దిక్కులా సమానంగా వ్యాకోచింపజేసి, మామూలు సూక్ష్మదర్శినికి అందని సూక్ష్మాన్ని చూసే పద్ధతి ఇది. ఆ జెల్ పసిపిల్లల డైపర్లలో నీటిని పట్టి ఉంచే పదార్థం జాతిదే. సంకేతం పంపే ఆక్సాన్ చివరల్లో నాలుగింట మూడొంతులకు పైగా వాటిలో ఎంఆర్‌ఎన్‌ఏ, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ రెండూ ఉన్నాయని తేలింది.

గాయపడిన నరం కూడా ఈ ఏర్పాటును వాడుకుంటుంది. చేతిలోనో కాలిలోనో నరం తెగితే, ఆ వార్త ఎంతో దూరంలో ఉన్న కణకేంద్రకానికి చేరాలి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మైక్ ఫైన్‌జిల్బర్ బృందం 2003లో చూపినదాని ప్రకారం, గాయం తగిలిన చోట ఆక్సాన్‌లోనే ఇంపోర్టిన్ బీటా అనే ప్రొటీన్ కొత్తగా తయారవుతుంది. అది ఇతర ప్రొటీన్లతో జట్టుకట్టి, మోటారు ప్రొటీన్ల మీద ఎక్కి, కబురును కేంద్రకానికి మోసుకుపోతుంది. ఇక్కడ ప్రొటీన్ పుట్టేది దూరాన, చేరేది కేంద్రానికి. దిశ పూర్తిగా తిరగబడింది.

ఇంత తయారీకి శక్తి ఎక్కడిది? ఒక్కో అమైనో ఆమ్లాన్ని జోడించడానికి ఏటీపీ వంటి శక్తి అణువుల్లోని బంధాలు కనీసం నాలుగు ఖర్చవుతాయి. భారతీయ శాస్త్రవేత్త విద్యా రంగరాజు షూమన్ ప్రయోగశాలలో ఉండగా 2019లో దీనికి జవాబు చూపారు. కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియాలు డెండ్రైట్లలో ఎక్కడపడితే అక్కడ తిరగకుండా, ఒక్కో భాగంలో స్థిరంగా పాతుకుని ఉంటాయి. ఒక భాగంలోని మైటోకాండ్రియాలను మాత్రం దెబ్బతీస్తే, అక్కడ ఉత్తేజానికి జవాబుగా జరగవలసిన ప్రొటీన్ తయారీ ఆగిపోతుంది. తయారీ స్థానికమే, దానికి కావలసిన శక్తీ స్థానికమే.

బ్రేకు తెగినప్పుడు

ఈ విషయం ప్రయోగశాల దాటి ఇళ్ళలోకి వచ్చేది ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ దగ్గర. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి తెలిసిన కారణాల్లో ఇది ముందు వరసలో ఉంది. మగపిల్లల్లో సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఆడపిల్లల్లో ఇంకా తక్కువ, లక్షణాలు కూడా చాలాసార్లు తేలికగా ఉంటాయి. మాటలు ఆలస్యంగా రావడం, ఎదుటివారి కళ్ళలోకి చూడలేకపోవడం, శబ్దాలకు బెదిరిపోవడం, నిలకడ లేకపోవడం దీని లక్షణాల్లో కొన్ని. ఆటిజం లక్షణాలు కూడా ఎక్కువమందిలో కనిపిస్తాయి.

దీనికి కారణమైన జన్యువును 1991లో కనుగొన్నారు. ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎఫ్‌ఎంఆర్1 జన్యువు మొదట్లో సీజీజీ అనే మూడక్షరాల మాట వరసగా పునరావృతమవుతుంది. చాలామందిలో అది 30 సార్ల దరిదాపుల్లో ఉంటుంది. 200 దాటితే జన్యువు మూతపడుతుంది, ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుకాదు. ఎఫ్‌ఎంఆర్‌పీ చేసే పని ఎంఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని వాటి నుంచి ప్రొటీన్లు తయారుకాకుండా ఆపడం. సైనాప్స్‌కు సరైన సంకేతం అందినప్పుడు పట్టు వదులుతుంది, తర్వాత మళ్ళీ బిగిస్తుంది. ఈ బ్రేకు కూడా అవసరమైన చోటే తయారవుతుందని 1997లో విలియం గ్రీనో బృందం చూపింది. సంకేతం అందిన సైనాప్స్‌ల దగ్గర తయారయ్యే ప్రొటీన్లలో ఎఫ్‌ఎంఆర్‌పీ ఒకటి. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థలో రవి ముద్దశెట్టి బృందం ఈ ప్రొటీన్ ఎంఆర్‌ఎన్‌ఏలను ఎలా ఆపుతుంది, ఎలా వదులుతుంది అన్న అంశం మీద ముఖ్యమైన పరిశోధనలు చేసింది.

2000లో కింబర్లీ హ్యూబర్, మార్క్ బేర్ గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని అందుకునే ఒక రకమైన గ్రాహకాలను ఉత్తేజపరిస్తే సైనాప్స్‌లు బలహీనపడతాయని, అందుకు డెండ్రైట్లలో అప్పటికప్పుడు జరిగే ప్రొటీన్ తయారీ కావాలని చూపారు. ఎఫ్‌ఎంఆర్‌పీ లేని చిట్టెలుకల్లో అదే ప్రభావం అతిగా కనిపించింది. బ్రేకు లేదు కాబట్టి తయారీ మితిమీరింది. దీని మీదే 2004లో బేర్, హ్యూబర్, స్టీఫెన్ వారెన్ ఒక ప్రతిపాదన చేశారు. ఆ గ్రాహకాలను మందుతో కాస్త అణిచితే తయారీ అదుపులోకి రావచ్చు. 2007లో గుల్ డోలెన్, బేర్ తదితరులు ఆ గ్రాహకాలను జన్యుపరంగా సగానికి తగ్గిస్తే, ఎఫ్‌ఎంఆర్‌పీ లేని చిట్టెలుకల్లో ఎన్నో లోపాలు సర్దుకున్నాయి. ఎందరో తల్లిదండ్రులు ఆ ఫలితాల మీద ఆశ పెట్టుకున్నారు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఆ ఆశ నెరవేరలేదు. ఈ గ్రాహకాలను అడ్డుకునే మావోగ్లూరాంట్ అనే మందును పెద్దలకూ కౌమారంలో ఉన్నవారికీ ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2016లో ప్రకటించారు. దీనికి ఎన్నో కారణాలు చెప్పారు. కొలిచిన తీరు సరిపోలేదన్నారు, కొన్ని వారాల వ్యవధి చాలలేదన్నారు, చిట్టెలుక మెదడు, మనిషి మెదడు ఒకటి కావన్నారు. ఇవన్నీ పరిశీలించదగ్గవే. నాకు మాత్రం మరొకటి కూడా తోస్తుంది. ఎఫ్‌ఎంఆర్‌పీ చేసే పని ఒక్కో స్పైన్ దగ్గర, ఒక్కో నిమిషంలో, కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏల మీద. నోటితో మింగిన మాత్ర మెదడంతటా, రోజంతా, అన్ని సైనాప్స్‌ల మీదా ఒకేలా పనిచేస్తుంది. తయారీ మొత్తాన్ని తగ్గించవచ్చు, కానీ ఎక్కడ ఎప్పుడు అన్న ఎంపికను మాత్ర తిరిగి ఇవ్వలేదు. ఎఫ్‌ఎంఆర్1 జన్యువును మళ్ళీ తెరిపించడం, ఆ ప్రొటీన్‌నే కణాలకు అందించడం లక్ష్యంగా సాగుతున్న పరిశోధనల వైపు నా మొగ్గు అందుకే. అవి ఇంకా తొలి దశల్లోనే ఉన్నాయి.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది, అది రోగ నిర్ధారణ. సీజీజీ పునరావృతి 55 నుంచి 200 మధ్య ఉన్న తల్లికి ఈ సిండ్రోమ్ ఉండదు, కానీ బిడ్డకు చేరేసరికి ఆ సంఖ్య పెరిగి 200 దాటిపోవచ్చు. కారణం తెలియకుండా మాటలూ ఎదుగుదలా ఆలస్యమవుతున్న పిల్లవాడికి రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి ఆ పునరావృతులను లెక్కిస్తే విషయం తేలుతుంది. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ వంటి జన్యు నిర్ధారణ కేంద్రాలు మన దగ్గరే ఉన్నాయి. ఒక పిల్లవాడిలో ఇది బయటపడితే తల్లికి, ఆమె అక్కచెల్లెళ్ళకు, వాళ్ళ పిల్లలకు కూడా పరీక్ష అవసరమా అన్నది జన్యు సలహాదారుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. తర్వాతి కాన్పు గురించి ఆలోచిస్తున్న కుటుంబం ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.